జీడి యూనిట్‌లో ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఎవరికి ఇప్పించాలి, పెట్టెలో ఏం పెట్టాలి? (పలాస)

పిక్కల_సూపర్‌వైజర్:

అందరికీ నమస్తే. పలాస–కాశీబుగ్గ వైపు జీడిపప్పు యూనిట్ మాది. బాయిలింగ్, కటింగ్, బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది), పీలింగ్, గ్రేడింగ్ అన్నీ ఒకే కాంపౌండ్‌లో. మొత్తం 64 మంది, అందులో 50 మందికి పైగా ఆడవాళ్ళే. పది పన్నెండు మందికి ఒడియానే బాగా వచ్చు.

పనివాళ్ళకి ఫస్ట్ ఎయిడ్ నేర్పించాలని నా ఆలోచన. ఓనరు గారు మాత్రం "108 ఉంది, ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది, ఒక రోజు పని ఆపి ఇదంతా ఎందుకు? కావాలంటే నువ్వొక్కడివే నేర్చుకో" అంటున్నారు. ఆయనకి ఏమని చెప్పను? నేర్పిస్తే ఎవరికి, ఎంతమందికి? గోడకి ఒక పెట్టె ఉంది గానీ అందులో ఏం ఉండాలో సరైన లిస్టు ఎవరూ ఇవ్వలేదు. ఇంకొకటి, పిక్క పెంకులోంచి కారే జీడి నూనె చేతి మీద పడితే కొందరు నీళ్ళతో కడగమంటారు, కొందరు నూనె రాయమంటారు. ఏది కరెక్టు?

సేఫ్టీ_పైడిభీమవరం:

ఓనరు గారికి లెక్క నిమిషాల్లో చెప్పండి, అప్పుడు అర్థమవుతుంది. గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ నొక్కడం మొదలుపెట్టకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం పడిపోతూ ఉంటుంది. ప్రాణవాయువు అందక నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పెద్ద నరం తెగితే రక్తం కూడా అంతే బేగి పోతుంది. 108 వాళ్ళు ఎంత తొందరగా వచ్చినా, ఫోన్ చేసి అడ్రసు చెప్పి బండి గేటులోకి వచ్చేసరికి ఈ నిమిషాలు అయిపోతాయి. ఆసుపత్రి కిలోమీటరు దూరంలో ఉన్నా అంతే. 108 వద్దని కాదు, బండి వచ్చేదాకా మనిషిని నిలబెట్టడానికే ఈ ట్రైనింగ్.

మీరొక్కరే నేర్చుకుంటే సరిపోదు. మీరు గోడౌన్‌లో బస్తాలు లెక్కపెడుతున్నప్పుడే కటింగ్‌లో వేలు తెగుతుంది. మనుషుల్ని సెక్షన్ చూసి ఎంచండి: కటింగ్‌లో ఇద్దరు, బాయిలర్–కుక్కర్ దగ్గర ఒకరు, బోర్మా దగ్గర ఒకరు, పీలింగ్ హాల్లో ఇద్దరు. 64 మందికి ఆరుగురు. వాళ్ళలో కనీసం నలుగురు ఆడవాళ్ళు ఉండాలి. పడిపోయింది ఆడమనిషి అయితే ఛాతీ మీద చెయ్యి వెయ్యడానికి మగవాళ్ళు జంకుతారు. ఆ జంకులోనే రెండు నిమిషాలు పోతాయి. ఒడియా మాట్లాడేవాళ్ళలోంచి ఒకరిని తప్పకుండా తీసుకోండి. రెండు షిఫ్టులు నడిపితే ఈ లెక్క షిఫ్టు షిఫ్టుకీ విడిగా ఉండాలి.

చాలా యూనిట్లలో ట్రైనింగ్ ఎక్కడ చెడుతుందంటే కూలి దగ్గర. కటింగ్, పీలింగ్ వాళ్ళకి కిలో లెక్కన డబ్బులు. రోజంతా క్లాసులో కూర్చోబెడితే ఆ రోజు కూలి పోయినట్టే, అందుకే మధ్యాహ్నానికి ఒక్కొక్కరూ జారుకుంటారు. పోయిన నెలలో వాళ్ళకి రోజుకి సగటున ఎంత వచ్చిందో చూసి అంత ఇస్తామని ముందే చెప్పండి. ఈ ఒక్క మాట మీదే సగం పని అయిపోతుంది.

రెడ్ క్రాస్ వాళ్ళు, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళు ఈ ట్రైనింగ్ ఇస్తారు. ముందు జిల్లా రెడ్ క్రాస్‌లో కనుక్కోండి. తారీఖు ఖాయం చేసుకునే ముందు రెండు సంగతులు అడగండి. ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మలు ఎన్ని తెస్తారు? ఆరేడుగురికి ఒక బొమ్మ లేకపోతే అది ఉపన్యాసమే. ప్రతి ఒక్కరితో ఆపకుండా రెండు నిమిషాలు ఛాతీ నొక్కిస్తారా? మొదటి నిమిషంలో అందరూ బాగానే నొక్కుతారు. రెండో నిమిషానికి చేతులు సడలి, లోతు తగ్గిపోతుంది. ఇద్దరు మనుషులు ఎందుకు కావాలో అక్కడే తెలుస్తుంది.

సర్టిఫికెట్ గోడకి తగిలించి వదిలేస్తే చేతులు మర్చిపోతాయి. నెలకోసారి పది నిమిషాలు చాలు. టీ బ్రేక్‌కి ముందు "మూడో మెషిన్ దగ్గర చెయ్యి తెగింది" అని అరవండి, వాచీ చూడండి. గుడ్డ పెట్టి నొక్కడానికి ఎన్ని సెకన్లు పట్టింది, పెట్టె ఎవరు తెచ్చారు, గేటు దగ్గరికి ఎవరు వెళ్ళారు అని రాసుకోండి. మొదటిసారి చేస్తే సాధారణంగా ముగ్గురు పెట్టె కోసం పరిగెడతారు, గేటు దగ్గరికి ఒక్కరూ వెళ్ళరు.

చట్టం సంగతి: పాత ఫ్యాక్టరీల చట్టం 1948 సెక్షన్ 45 ప్రకారం ప్రతి 150 మందికి కనీసం ఒక పెట్టె ఉండాలి, దానికి సర్టిఫికెట్ ఉన్న ఒక మనిషి బాధ్యుడిగా ఉండాలి, ఆ మనిషి పని వేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. 500 మంది దాటితే అంబులెన్స్ రూము. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి మీ సైజు యూనిట్‌కి ఇప్పుడు ఏది వర్తిస్తుందో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడగండి. ఏది వర్తించినా నా మాట ఒకటే: 150కి ఒకటి అన్న లెక్క చూసుకుని ఆగిపోవద్దు. కటింగ్ దగ్గర ఒకటి, బాయిలర్ షెడ్డుకి బయట ఒకటి పెట్టండి. షెడ్డు లోపల పెడితే ఆ వేడికి ప్లాస్టర్ల జిగురు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దవుతాయి.

పెట్టెకి తాళం వెయ్యొద్దు. దూది పోతోందని తాళం వేస్తారు, తాళంచెవి ఆఫీసు టేబుల్ సొరుగులో ఉంటుంది, సొరుగు తాళం ఓనరు గారి జేబులో. ఇక ఆ పెట్టె ఉన్నా లేనట్టే.

క్యాజువాలిటీ_సిస్టర్:

పై ఆయన చెప్పినదానితో ఏకీభవిస్తాను. నేను చేతి పని చెప్తాను.

*తెగిన చెయ్యి.* శుభ్రమైన గాజ్ గుడ్డ (గాయాలకి వాడే పల్చటి వల గుడ్డ) మడతపెట్టి గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కాలి. వేళ్ళ కొసలతో కాదు, అరచేతి అడుగు భాగంతో. ఆపకుండా 10 నిమిషాలు. అందరూ చేసే తప్పు ఒకటే: నిమిషానికోసారి గుడ్డ ఎత్తి "ఆగిందా?" అని చూస్తారు. అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. గుడ్డ తడిసిపోతే తియ్యొద్దు, దాని మీదే ఇంకోటి వేసి ఇంకా గట్టిగా నొక్కండి. కాఫీ పొడి, పసుపు, సున్నం వెయ్యొద్దు. కుట్లు వేసే ముందు వాటన్నిటినీ గీకి కడగాలి, ఆ నొప్పి మీ మనిషికే. దూది నేరుగా గాయం మీద పెట్టొద్దు, పోగులు అంటుకుంటాయి.

వేలి మొదట్లో దారమో రబ్బరు బ్యాండో బిగించడం ఇక్కడ బాగా అలవాటు. చెయ్యొద్దు. వేలి గాయం నొక్కితే ఆగుతుంది. బిగించిన రబ్బరు బ్యాండు మీద కట్టు కట్టేస్తే లోపల అది ఉందనే సంగతి మర్చిపోతారు, వేలు నల్లబడుతుంది. బెల్టులో చిక్కి చెయ్యి నుజ్జయి, ఎంత నొక్కినా రక్తం చిమ్ముతుంటే అప్పుడు మాత్రమే పట్టీ కట్టాలి: నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ, గాయానికి 5–7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా, కర్ర పెట్టి రక్తం ఆగేదాకా మెలితిప్పాలి. కట్టిన టైము చేతి మీదే పెన్నుతో రాయండి. ఆసుపత్రి దాకా వదులు చెయ్యొద్దు.

*వేలు ఊడిపోతే.* ఊడిన ముక్కని సెలైన్‌తో కొద్దిగా తడిపిన గాజ్ గుడ్డలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి గాలి లేకుండా మూసి, ఆ కవరుని ఐసూ నీళ్ళూ కలిపిన ఇంకో కవర్లో పెట్టాలి. ముక్కకి ఐసు నేరుగా తగలకూడదు. తగిలితే కండ గడ్డకట్టి అతికించడానికి పనికిరాదు. నీళ్ళలో వేసి తెచ్చినా అంతే, నానిపోతుంది. కవరు మీద టైము రాసి మనిషితోపాటే పంపండి. అలాంటి సర్జరీ ప్రతిచోటా ఉండదు, కాబట్టి ఎక్కడికి తీసుకెళ్ళాలో 108 వాళ్ళని అప్పుడే అడగండి.

*గాజులు, ఉంగరాలు.* మీ దగ్గర ఆడవాళ్ళు ఎక్కువ కాబట్టి విడిగా చెప్తున్నాను. చెయ్యి కాలినా, నలిగినా గంటలోపే వాపు వస్తుంది. వాపు రాకముందే ఉంగరం, గాజులు తీసెయ్యాలి. మట్టిగాజులైతే సబ్బు నీళ్ళతో జార్చండి, జారకపోతే గుడ్డ చుట్టి గాయానికి దూరంగా చితక్కొట్టండి. ఆ మనిషి వద్దంటుంది. వాపు వచ్చాక ఆసుపత్రిలో కోసి తీస్తారని నెమ్మదిగా చెప్పండి.

*ఆవిరి, వేడి నీళ్ళు.* కుక్కర్‌లో ప్రెషర్ పూర్తిగా దిగకుండా మూత తియ్యడమే ఎక్కువసార్లు కారణం. కాలిన చోటు పారే మామూలు నీళ్ళ కింద 20 నిమిషాలు. రెండు నిమిషాలకి మంట తగ్గింది కదా అని ఆపేస్తారు, కానీ చర్మం కింద వేడి ఇంకా ఉంటుంది. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, ఇంకు వద్దు, ఇడ్లీ పిండి వద్దు. అంటుకున్న బట్ట పీకొద్దు, చుట్టూ కత్తిరించండి. బొబ్బలు చిదమొద్దు. తర్వాత వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ రేపర్‌ని పొడుగ్గా పరవండి. చుట్టి బిగించొద్దు, వాపుకి చోటుండాలి. వీపూ పొట్టా పెద్దగా కాలితే మనిషి చల్లబడిపోకుండా కాలని భాగం మీద దుప్పటి కప్పండి.

*జీడి నూనె.* మీ ప్రశ్నకి జవాబు: రెండూ, కానీ వరసలో. ఇది మామిడి సొన, నల్లజీడి జాతిదే, నీళ్ళలో కరగదు. ముందే నీళ్ళు పోసి రుద్దితే నూనె ఇంకా పాకుతుంది. పొడి గుడ్డతో అద్ది తియ్యండి, తర్వాత కొబ్బరి నూనో వేరుశనగ నూనో రాసి దాన్ని వదిలించి తుడవండి, ఆ తర్వాత సబ్బుతో, పారే నీళ్ళతో బాగా కడగండి. నూనె పడ్డ చీర, జాకెట్ మార్పించండి, లేకపోతే అదే చోట రోజంతా ఊరుతుంది. కిరసనాయిలు, థిన్నరు వాడొద్దు, చర్మాన్ని ఇంకా పాడుచేస్తాయి. దురద, బొబ్బలు ఒక రోజు, రెండు రోజుల తర్వాత కూడా రావచ్చు. అప్పుడు "నిన్నటి నూనె వల్ల కాదులే" అనుకోవద్దు.

ఇందులో రెండు మినహాయింపులు. నూనె సలసల కాగుతూ పడితే అది కాలిన గాయం, ముందు 20 నిమిషాల నీళ్ళే. కంట్లో చిమ్మితే ఏ నూనే పెట్టొద్దు, పారే నీళ్ళు లేదా సెలైన్, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, తల పక్కకి వంచి, పోసే నీళ్ళు రెండో కంట్లోకి పోకుండా 20 నిమిషాలు. తర్వాత కంటి డాక్టరు దగ్గరికి. కటింగ్ దగ్గర కళ్ళద్దాలు పెట్టిస్తే సగం గొడవ పోతుంది. ఊపిరి తగిలి మసకబడుతున్నాయని తీసేస్తారు, గాలి రంధ్రాలున్నవి కొనండి.

కాశీబుగ్గ_బుల్లోడు:

ఇయ్యన్నీ పెద్ద కంపెనీలకి గురూ. మన వాళ్ళకి వేలు తెగితే కాస్త పసుపెట్టి గుడ్డ కట్టుకుని మళ్ళీ పనిలో కూర్చుంటారు. ట్రైనింగ్ అయిన ఆరు నెలలకి ఆ మనిషి ఇంకో ఫ్యాక్టరీకి ఎల్లిపోతాది, మన డబ్బులు పోతాయి. ఏటి లాభం?

సేఫ్టీ_పైడిభీమవరం:

ఎల్లిపోతారు, నిజమే. అందుకే ఒకరికి కాదు, ఆరుగురికి అన్నాను. ఇద్దరు పోయినా నలుగురు ఉంటారు. పక్క ఫ్యాక్టరీ నుంచి నేర్చుకున్నవాళ్ళు మీ దగ్గరికీ వస్తారు కదా. ఇంకో మాట: నేర్చుకున్న మనిషి సాయంత్రం ఇంటికే వెళ్తుంది. పీకలో ఏదో అడ్డుపడ్డ పిల్లాడు, ఫిట్స్ వచ్చిన మావ, పొలంలో పాము కరిచిన తోడికోడలు అందరూ అక్కడే ఉంటారు.

గుండెకి సంబంధించి పైన సగమే చెప్పాను, పూర్తి చేస్తాను. పిలిస్తే పలకడం లేదు, 10 సెకన్లు చూసినా ఊపిరి మామూలుగా లేదు అంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నోరు తెరిచి ఆగి ఆగి గురకలా లాగుతుంటే అది ఊపిరి కాదు. "ఊపిరి ఉంది కదా" అని అక్కడే ఆగిపోయేవాళ్ళు చాలామంది. మంచం మీంచి గట్టి నేల మీదకి దింపండి. ఛాతీ మధ్య ఎముక మీద, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, చేతుల బరువు దాని మీద మోపి ఉంచొద్దు. 30 నొక్కులకి 2 ఊపిర్లు. నోటితో ఊదడం రాకపోయినా, ఇష్టం లేకపోయినా నొక్కడం మాత్రం ఆపొద్దు. రెండు నిమిషాలకి మనిషి మారాలి.

బాయిలింగ్ దగ్గర నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, అక్కడే మోటార్లు. షాక్ కొట్టి పడ్డవాడిని ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ ఎక్కడుందో ఎలక్ట్రీషియన్‌కి మాత్రమే తెలిస్తే లాభం లేదు, పెద్ద ఎర్ర అక్షరాలతో రాయించండి. బయట లైను వైరు తెగి పడితే దగ్గరికే పోవద్దు, 1912కి ఫోన్ చేసి సరఫరా ఆపించండి.

క్యాజువాలిటీ_సిస్టర్:

బుల్లోడు బాబుకి: పసుపు పెట్టుకుని పనిలో కూర్చున్న ఆ వేలే రెండు వారాలకి చీము పట్టి వస్తుంది. టీటీ ఇంజక్షన్ సంగతి ఎవరూ అడగరు.

పాము కాటు మాట వచ్చింది కాబట్టి: పైన కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, పీల్చొద్దు. ఆ కాలు కదలకుండా కర్రకి కట్టి, నడిపించకుండా పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి. కట్లపాము కాటు నొప్పే ఉండదు, గాట్లు కూడా కనపడవు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అంటూ, కనురెప్పలు వాలిపోతూ లేస్తే అనుమానించండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. చుట్టూ వస్తువులు జరిపి, తల కింద చీర మడత పెట్టి, కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకుండానే రెండోది వచ్చినా 108.

ఎండాకాలం బోర్మా, బాయిలర్ దగ్గర మనిషి తికమకగా మాట్లాడినా, తూలిపడినా అది వడదెబ్బ అనుకోండి. ముందు నీడకి తెచ్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి ఫ్యాను పెట్టండి, ఆ పని చేస్తూనే బండి పిలవండి. జ్వరం మాత్ర పనిచెయ్యదు. పూర్తి తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు మించిపోతుంది.

ఉద్దానం_ఫార్మా:

పెట్టెలో ఏం ఉండకూడదో ఒకటి చెప్పి పోతాను. ఒళ్ళునొప్పుల మాత్రలు. ఫ్యాక్టరీ పెట్టెల్లో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పులు ఉంటాయి, అడిగినవాళ్ళకల్లా ఇస్తారు. మీ పనివాళ్ళలో చాలామంది ఉద్దానం ఊళ్ళవాళ్ళు. అక్కడ కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచింది అందుకే. ఇప్పటికే కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఈ మాత్రలు ఇంకా చేటు. ఎండలో చెమట పట్టి నీళ్ళు తాగనప్పుడు వేసుకుంటే మరీ. పాత చట్టం సెక్షన్ 45లో కూడా నిర్ణయించినవి తప్ప వేరే ఏదీ పెట్టెలో పెట్టకూడదని ఉండేది. మాత్ర కావాలంటే డాక్టరు రాయాలి.

పిక్కల_సూపర్‌వైజర్:

చాలా థాంక్సండీ అందరికీ. మా పెట్టెలో ఆ స్ట్రిప్పులు ఉన్నాయి, ఇప్పుడే తీసేశాను. సిస్టర్ గారూ, కొనడానికి లిస్టు ఇవ్వరూ? కటింగ్ దగ్గర పెట్టెకి.

క్యాజువాలిటీ_సిస్టర్:

ఒక పెట్టెకి రాసుకోండి. చట్టం చెప్పే లిస్టు ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో విడిగా తీసుకోండి, ఇది వాడకానికి పనికొచ్చేది:

గ్లవ్స్ 10 జతలు. 10×10 సెంటీమీటర్ల స్టెరైల్ గాజ్ ప్యాకెట్లు 20. రోలర్ బ్యాండేజీలు 5, 10, 15 సెంటీమీటర్లవి నాలుగేసి. ముక్కోణం గుడ్డలు 4, చెయ్యి మెడకి వేలాడదియ్యడానికి. క్రేప్ బ్యాండేజీలు 2. సెలైన్ 500 మిల్లీలీటర్ల సీసాలు 4, కంటికీ గాజ్ గుడ్డ తడపడానికీ అవే. వంటింటి ప్లాస్టిక్ రేపర్ 1. జిప్ కవర్లు చిన్నవి 4, పెద్దవి 4. మొద్దు మొన కత్తెర. పెన్ను, చిన్న నోటుబుక్కు. ఊపిరి ఊదేటప్పుడు నోటికి అడ్డం పెట్టే సీపీఆర్ షీల్డులు 2. ఓఆర్‌ఎస్ 10. కొబ్బరి నూనె సీసా, సబ్బు పెట్టెలో కాదు, కుళాయి పక్కన పెట్టండి. ఐసు దగ్గర్లో ఏ షాపులో దొరుకుతుందో పెట్టె మూత మీద రాయండి.

ప్రతి నెల 1వ తేదీన ఒకరు లెక్క చూసి సంతకం పెట్టాలి. గాజ్ ప్యాకెట్ చిరిగితే అది స్టెరైల్ కాదు, పారెయ్యండి.

సేఫ్టీ_పైడిభీమవరం:

పెట్టె పైన కాగితం కూడా. 108కి ఫోన్ చేసినవాళ్ళు కంగారులో యూనిట్ పేరు కూడా మర్చిపోతారు. యూనిట్ పేరు, ఏ రోడ్డు, దగ్గరలో గుడో రైల్వే గేటో ఏదుందో ఆ గుర్తు, బండి ఏ గేటులోంచి రావాలి. తెలుగులో, ఒడియాలో. వాళ్ళు పెట్టెయ్యమనేదాకా ఫోను పెట్టెయ్యకూడదు. స్పీకర్ ఆన్ చేసి నేల మీద పెట్టండి.

సాయంత్రం హైవే మీద ఆటోల్లో ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఇంకొకటి. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకి సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడతారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాడి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. ట్రైనింగ్ రోజున ఇది కూడా చెప్పించండి.

పిక్కల_సూపర్‌వైజర్:

ఓనరు గారితో మాట్లాడాను. నిమిషాల లెక్క విని ఊరుకున్నారు గానీ, కిలో కూలి మాట దగ్గర గంటసేపు వాదించారు. చివరికి ఆరుగురికి సగటు కూలి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పెట్టె తాళం మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది. రేపు కొక్కెమే పీకించేస్తాను.